ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తెరుచుకుంటోంది కానీ రాయనివ్వట్లేదు (లినక్స్)

ప్రశ్న: యూఎస్‌బీ డ్రైవ్‌లో పాత ఫైళ్లన్నీ తెరుచుకుంటున్నాయి. కొత్తవి కాపీ చేయబోతే 'పర్మిషన్ డినైడ్' అంటోంది. సుడోతో (అడ్మిన్ హక్కులతో) సీహెచ్‌మోడ్ 777 (అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే కమాండ్) కొట్టినా ఎర్రర్ రాలేదు, మార్పూ లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కొట్టి డ్రైవ్ ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను అమర్చుకునే పద్ధతి) ఏదో చూడండి. ఎక్స్‌ఫ్యాట్, ఫ్యాట్32 అయితే సీహెచ్‌మోడ్ దండగ. యూనిక్స్ అనుమతులు దాచుకునే చోటే వాటిలో లేదు. ఓనర్ ఎవరన్నది మౌంట్ చేసేటప్పుడే (డ్రైవ్‌ను ఒక ఫోల్డర్‌కు కలిపేటప్పుడే) తేలిపోతుంది. అన్‌మౌంట్ చేసి, మళ్లీ మౌంట్ చేసేటప్పుడు -ఓ తర్వాత యూఐడీ=1000,జీఐడీ=1000,యూమాస్క్=022 (ఓనర్, గ్రూప్, అనుమతులు) ఇవ్వండి. 1000 సాధారణంగా మొదటి యూజర్ నంబరు, మీదెంతో ఐడీ -యూ చెబుతుంది. ఇదే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డ్రైవ్‌లు మౌంట్ చేయాలో చెప్పే ఫైల్) రాస్తే నోఫెయిల్ కూడా చేర్చండి. లేదంటే డ్రైవ్ తగిలించనప్పుడు బూట్ మధ్యలోనే ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది.

జవాబు: లినక్స్ సొంత ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 అయితే చౌన్ (ఓనర్‌ను మార్చే కమాండ్) చాలు, కానీ మౌంట్ అయ్యాకే చేయాలి. ముందే చేస్తే డ్రైవ్‌ది కాకుండా, దాన్ని మౌంట్ చేయబోయే ఖాళీ ఫోల్డర్ ఓనరే మారుతుంది. అయినా 777 పనిచేయలేదంటే ఈఎక్స్‌టీ4 కాదనే నా అనుమానం.

జవాబు: ఎర్రర్ 'రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్' అని మారితే అది అనుమతుల గొడవ కాదు. డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) అయితే, సాధారణంగా విండోస్ దాన్ని సరిగా మూయలేదన్నమాట. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపి, పూర్తిగా షట్‌డౌన్ చేయండి. లినక్స్‌లోని రిపేర్ కమాండ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ ఆఖరి మార్గమే, విండోస్‌లోని చెక్‌డిస్క్‌కు అది సాటిరాదు.