శూన్యంలో ద్వివక్రీభవనం: రుజువైందా, ఇంకా కొలవాల్సే ఉందా?

నీలిరేఖ:
బలమైన అయస్కాంత క్షేత్రంలో ఖాళీ స్థలం కూడా కాల్సైట్ స్ఫటికంలా పనిచేస్తుందని క్వాంటం విద్యుద్గతిశాస్త్రం చెబుతుంది. ధ్రువణం అంటే కాంతి తరంగం ఊగే దిక్కు. క్షేత్రానికి సమాంతరంగా ధ్రువణం చెందిన కాంతిది ఒక వేగం, లంబంగా ధ్రువణం చెందిన కాంతిది మరో వేగం. దీన్నే ద్వివక్రీభవనం అంటారు. 1936లో హైజెన్‌బర్గ్, హాన్స్ ఆయిలర్ ఇచ్చిన సమీకరణం నుంచే ఈ ఫలితం వస్తుంది. 2015లో ఆర్‌ఎక్స్ జె1856.5-3754 అనే న్యూట్రాన్ నక్షత్రాన్ని చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్‌తో చూసినప్పుడు దాని కాంతిలో 16.43 శాతం ధ్రువణం కనిపించింది. దోషం అటూ ఇటూ 5.26. ఈ ప్రభావం లేకుండా అంత ధ్రువణం రావడం కష్టం. కాబట్టి రుజువైనట్టే అని నా వాదన. నక్షత్రం దగ్గర నూరు కోట్ల టెస్లాల క్షేత్రం సిద్ధంగా ఉంటే, ప్రయోగశాలలో రెండున్నర టెస్లాలతో ఇంకా కుస్తీ పట్టడం దేనికి?

అద్దంపొర:
నేను ఒప్పుకోను. సూచనకూ కొలతకూ తేడా ఉంది. సిద్ధాంతం చెప్పే అంకె చాలా కచ్చితమైనది. సమాంతర, లంబ ధ్రువణాల వక్రీభవన గుణకాల (కాంతి ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకెల) మధ్య తేడా, క్షేత్రాన్ని టెస్లాల్లో తీసుకుంటే, 4×10⁻²⁴ ఇంటూ క్షేత్రం వర్గం. నక్షత్రం నుంచి ఈ 4 అనే అంకెను ఎవరూ తీయలేదు. అక్కడ తేలింది "ప్రభావం ఉంటే లెక్క బాగా కుదురుతుంది" అన్నంతవరకే.

ప్రయోగశాలలో ఎందుకు కష్టమో అంకెల్లోనే చూద్దాం. ఇటలీలో ఫెరారాలో నడిచిన పీవీలాస్ ప్రయోగంలో ఒక్కొక్కటి 0.82 మీటర్ల పొడవున్న రెండు శాశ్వత అయస్కాంతాలు కాంతి దారి చుట్టూ తిరిగేవి. క్షేత్రం 2.5 టెస్లాలు, లేజర్ 1064 నానోమీటర్లు. రావాల్సిన గుణకాల తేడా 2.5×10⁻²³. కాంతి ఒక్కసారి దాటితే వచ్చే దీర్ఘవృత్తత (సరళరేఖలో ఊగే కాంతి దీర్ఘవృత్తంలోకి ఎంత మారిందన్న కొలత) 1.2×10⁻¹⁶ రేడియన్లు, అంటే దేనికీ అందదు. అందుకే రెండు అద్దాల మధ్య కాంతిని బంధిస్తారు. అద్దాల మధ్య ఆ చోటే కేవిటీ, అందులో కాంతి ఎంతసేపు నిలుస్తుందో చెప్పే అంకె ఫైనెస్. అది 7 లక్షల దాకా వెళ్లింది, అంటే దాదాపు నాలుగున్నర లక్షల దాట్లు. అప్పుడు సంకేతం 5×10⁻¹¹కు చేరుతుంది. అయస్కాంతం ఒక చుట్టు తిరిగితే సంకేతం రెండుసార్లు ఊగుతుంది కాబట్టి, తిరిగే పౌనఃపున్యానికి రెట్టింపు దగ్గర దాన్ని వెతకాలి.

2020లో వాళ్ల తుది ఫలితం (12±17)×10⁻²³. రావాల్సింది 2.5. అంటే దోషమే సంకేతానికి ఏడు రెట్లు. దానికి 50 లక్షల సెకన్ల దత్తాంశం పట్టింది. దోషం కాలం వర్గమూలంతోనే తగ్గుతుంది. అదే యంత్రంతో దోషాన్ని సంకేతమంత చేయాలంటే 46 రెట్లు, అంటే ఏడేళ్లకు పైగా కొలవాలి. సంకేతం దోషానికి మూడింతలు కావాలంటే, అంటే మూడు సిగ్మాలకు, అరవై ఏళ్లు దాటుతుంది. కాబట్టి ఓపిక ఒక్కటే చాలదు, యంత్రం మారాలి.

తారాపథం:
నక్షత్రం వైపు నుంచి కొంత చెప్పాలి. నీలిరేఖ గారూ, "ధ్రువణం ఉంది కాబట్టి ద్వివక్రీభవనం ఉంది" అన్నది పొరపాటు. ధ్రువణం ఉపరితలంలోనే పుడుతుంది. శూన్యం చేసే పని దాన్ని చెరిగిపోకుండా కాపాడటం.

ఉపరితలంలో ఒక్కోచోట క్షేత్రం ఒక్కో దిక్కున ఉంటుంది. అక్కడి నుంచి బయల్దేరిన కాంతి ధ్రువణాలు కూడా ఒక్కో దిక్కుకు ఉంటాయి. మనకు ఆ నక్షత్రం ఒక చుక్కే. అన్నీ కలిసిపోయి చాలావరకు రద్దవ్వాలి. కానీ 10⁹ టెస్లాల వద్ద గుణకాల తేడా సుమారు 4×10⁻⁶. దృశ్యకాంతికి ఒక్క కిలోమీటరులోనే రెండు ధ్రువణాల మధ్య వేల తరంగదైర్ఘ్యాల ఎడం వస్తుంది. దాంతో అవి ఒకదానిలో ఒకటి కలవలేక, దారిలో క్షేత్రం ఎటు తిరిగితే అటు తిరుగుతూ పోతాయి. నక్షత్ర వ్యాసార్థానికి చాలా రెట్ల దూరంలో క్షేత్రం బలహీనపడ్డాక ఆ అనుసరణ ఆగుతుంది. అంత దూరంలో మనవైపు వచ్చే కిరణాలన్నీ దాదాపు ఒకే దిక్కు క్షేత్రాన్ని చూస్తాయి. అందుకే మొత్తం ధ్రువణం నిలుస్తుంది.

ఇప్పుడు బలహీనత. 16 శాతాన్ని దేనితో పోల్చాలి? ఉపరితలం వాయు వాతావరణమా, గడ్డకట్టిన లోహంలాంటి పొరా, మనం ఏ కోణం నుంచి చూస్తున్నాం, భ్రమణాక్షానికీ అయస్కాంతాక్షానికీ మధ్య కోణమెంత, ఇవన్నీ ఊహించి పెట్టాలి. ఈ నక్షత్రం 7.06 సెకన్లకోసారి తిరుగుతుంది గానీ, ఎక్స్-కిరణాల్లో దాని వెలుగు హెచ్చుతగ్గులు 1 శాతం చుట్టూనే ఉంటాయి. కోణాలను కచ్చితంగా తేల్చడానికి అది చాలదు. కొన్ని కోణాల్లో శూన్య ప్రభావం లేకుండానే పది శాతం దాటిన ధ్రువణం రావచ్చు. దానికి తోడు కొలతే మూడు సిగ్మాలది. దోషానికి రెండింతలు కిందికి దిగితే 6 శాతమే.

నీలిరేఖ:
కోణాల సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ ఒక్క నక్షత్రంతో ఆగలేదుగా. 2021 డిసెంబరులో వెళ్లిన ఐఎక్స్‌పీఈ అనే, ఎక్స్-కిరణాల ధ్రువణాన్ని కొలిచే ఉపగ్రహం 4యు 0142+61 అనే మాగ్నెటార్‌ను, అంటే అతిబలమైన అయస్కాంత క్షేత్రమున్న న్యూట్రాన్ నక్షత్రాన్ని, చూసింది. 2-4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ధ్రువణం 15 శాతం, 5.5-8 దగ్గర 35 శాతం, మధ్యలో ధ్రువణ కోణం దాదాపు 90 డిగ్రీలు మారింది. పైగా సెర్న్ కణభౌతిక ప్రయోగశాలలో ఫోటాన్‌తో ఫోటాన్ (కాంతి కణంతో కాంతి కణం) ఢీకొట్టడం 2019లో అట్లాస్ బృందం 8.2 సిగ్మాలతో చూసింది. ఇదీ, శూన్యంలో ద్వివక్రీభవనమూ ఒకే నాలుగు ఫోటాన్ల (రెండు వచ్చి, రెండు వెళ్లే) ప్రక్రియ కాదా?

అద్దంపొర:
ప్రక్రియ ఒకటే, శక్తి పరిధి వేరు. అట్లాస్ ఎంచుకున్న ఫోటాన్ జంటల ద్రవ్యరాశి 6 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల పైన. ఆయిలర్-హైజెన్‌బర్గ్ సమీకరణం ఫోటాన్ శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కన్నా బాగా తక్కువ ఉన్నప్పుడే వర్తిస్తుంది. అక్కడ చెదరడం కొలిచారు, ఇక్కడ కాంతి వేగంలో తేడా కొలవాలి. ఒకటి నిజమైతే రెండోది నిజం అవ్వాలని నేనూ నమ్ముతాను. నమ్మకానికి దోషం అంకె వేయలేం కదా. తక్కువ శక్తి దగ్గర యాక్సియాన్ లాంటి తేలికపాటి కణం ఏదైనా ఉంటే, తేడా పడేది ఈ కొలతలోనే. సెర్న్ దాన్ని చూడదు.

తారాపథం:
మాగ్నెటార్ గురించి: 90 డిగ్రీల మలుపు నన్నూ బాగా ఆకట్టుకుంది. రెండు ధ్రువణాలూ విడివిడిగా, కలవకుండా వచ్చాయన్నదానికి అది మంచి గుర్తు. కానీ ఆ మలుపుకు కనీసం రెండు వివరణలున్నాయి. ఒకటి, గడ్డకట్టిన ఉపరితలం నుంచి వచ్చిన కాంతి పైనున్న ఎలక్ట్రాన్లతో చెదరడం. రెండోది, వాతావరణంలో ప్లాస్మా ప్రభావమూ శూన్య ప్రభావమూ సమానమయ్యే సాంద్రత దగ్గర ఒక ధ్రువణం మరోదిగా మారడం. ఏది నిజమో తేలనంతవరకు దాన్నుంచి గుణకం తీయలేం.

చిన్నప్రశ్న:
ఫోటాన్‌కు ఆవేశం లేదు కదా, అయస్కాంతం దాన్నెలా ముట్టుకుంటుంది? అయస్కాంత క్షేత్రం పదార్థంలో కాంతి ధ్రువణ తలాన్ని తిప్పే ఫారడే ప్రభావం కూడా ఇలాంటిదేనా?

అద్దంపొర:
కాదు. ఫారడే ప్రభావానికి పదార్థం కావాలి, అది క్షేత్రానికి నేరు అనుపాతంలో ఉంటుంది. శూన్యంలో ఆవేశ సౌష్ఠవం (ధన, రుణ ఆవేశాలను తారుమారు చేసినా నియమాలు మారకపోవడం) వల్ల ఆ మొదటి ఘాతం సున్నా. మిగిలేది వర్గం. ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటల క్వాంటం ఒడుదొడుకులకు ఆవేశం ఉంది, క్షేత్రం ముట్టుకునేది వాటిని. కాంతి మాత్రం వంగదు. రెండు ధ్రువణాలూ శూన్యవేగం కన్నా రవ్వంత నెమ్మదిస్తాయి, సమాంతరానిది కాస్త ఎక్కువ. ఆ రెండు నెమ్మదింపుల నిష్పత్తి 7కు 4.

అయితే ఫారడే ప్రభావం ఇక్కడ శత్రువు కూడా. చెల్లాచెదురు క్షేత్రం అద్దాల పూత మీద పడితే కాంతి తలం తిరిగి, అయస్కాంతం తిరిగే పౌనఃపున్యం దగ్గరే నకిలీ సంకేతం వస్తుంది. నిజమైనది దానికి రెట్టింపు దగ్గర ఉంటుంది కాబట్టి విడదీయొచ్చు. కానీ కుదుపుల వల్ల రెట్టింపు దగ్గర కూడా నకిలీ పుడుతుంది. అందుకే రెండు అయస్కాంతాలను వేర్వేరు వేగాలతో తిప్పుతారు. సంకేతం రెండిటి రెట్టింపుల దగ్గరా ఒకే పరిమాణంలో రావాలి. ఒకదాని దగ్గరే వస్తే అది కుదుపు. ఇదే బృందం 2006లో 5 టెస్లాల అయస్కాంతంతో ధ్రువణ తలం తిరిగినట్టు ప్రకటించి, పరికరాన్ని మెరుగుపరిచాక అది నకిలీ అని తామే తేల్చింది. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది అందుకే.

నీలిరేఖ:
అయితే ఫైనెస్ ఇంకా పెంచితే సరిపోదా? అద్దాలు బాగుపడుతూనే ఉన్నాయి.

అద్దంపొర:
సరిపోదు. పాతికేళ్ల శ్రమలో తేలిన ముఖ్యమైన సంగతి ఇదే. మిగిలిన రొద అద్దం పూతలోనే పుడుతోంది. పూతలో ఉష్ణ కదలికల వల్ల దాని సొంత ద్వివక్రీభవనం వణుకుతుంది. కాంతి ఎన్నిసార్లు దాటితే సంకేతం అన్ని రెట్లు పెరుగుతుంది, ఈ వణుకూ అన్నే రెట్లు పెరుగుతుంది. నిష్పత్తి కదలదు.

అందుకే పెంచాల్సింది క్షేత్రం వర్గం ఇంటూ పొడవు. పీవీలాస్‌కు అది 10 టెస్లా వర్గం మీటర్లు. సెర్న్ ఎల్‌హెచ్‌సీ ద్విధ్రువ అయస్కాంతం ఒక్కదానికే, 8.3 టెస్లాలు, 14.3 మీటర్లు వేసుకుంటే, వెయ్యికి దగ్గర. వంద రెట్లు. చిక్కేమిటంటే ఆ అయస్కాంతాన్ని తిప్పలేం. బదులుగా కేవిటీ లోపల రెండు అర్ధతరంగ పలకలను (ధ్రువణ దిక్కును మార్చే స్ఫటిక పలకలను) కలిపి తిప్పి, మధ్యలో కాంతి ధ్రువణాన్నే తిప్పాలనేది ప్రతిపాదన. పలకల్లో కాంతి నష్టం వల్ల ఫైనెస్ వేయికి అటూ ఇటూగా పడిపోతుంది. అద్దం రొదే అడ్డంకి అయినచోట ఆ నష్టం భరించొచ్చు. భరించలేనిది పలకల మందంలోని లోపం. దాని నకిలీ సంకేతం కూడా నిజమైన సంకేతం వచ్చే పౌనఃపున్యం దగ్గరే వస్తుంది. ఆ లోపం ఉష్ణోగ్రతతో మారుతుంది కాబట్టి పలకలను వేడి చేసి సర్దాలి.

తారాపథం:
మిగిలిపోయిన వాయువు సంగతి కూడా చెప్పండి. వాయువు ప్రభావం కూడా క్షేత్రం వర్గంతోనే పెరుగుతుంది కదా, క్షేత్రం మార్చి చూస్తే విడదీయలేం.

అద్దంపొర:
సరిగ్గా పట్టుకున్నారు. కాటన్-మూటన్ ప్రభావం అది. ఒక టెస్లా, ఒక వాతావరణ పీడనం దగ్గర హీలియానికి 2×10⁻¹⁶, నైట్రోజన్‌కు దానికి వెయ్యి రెట్లు, ఆక్సిజన్‌కు పదివేల రెట్లు. లెక్క వేస్తే 2×10⁻⁹ మిల్లీబార్ ఆక్సిజన్ ఉన్నా చాలు, శూన్యం ఇచ్చే సంకేతమంత ఇస్తుంది. నైట్రోజన్ అయితే 2×10⁻⁸. కాబట్టి గొట్టంలో ఒక్కో వాయువు పాక్షిక పీడనాన్ని విడివిడిగా గమనించాలి, మొత్తం పీడనం ఒక్కటీ చూస్తే లాభం లేదు.

ఈ శత్రువే కొలబద్ద కూడా. మొదట కొద్దిగా హీలియం వదిలి, సంకేతం ఏ దశలో (అయస్కాంతం తిరుగుడుతో పోలిస్తే ఊగడంలో ఏ చోట) వస్తుందో రాసుకుంటారు. హీలియంలోనూ శూన్యంలోనూ సమాంతర ధ్రువణానిదే పెద్ద గుణకం, కాబట్టి శూన్య సంకేతం అదే దశలో రావాలి. నైట్రోజన్, ఆక్సిజన్ దానికి సరిగ్గా ఎదురు దశ. అంటే గాలి లీకైతే ఉన్న సంకేతాన్ని తినేస్తుంది తప్ప అదే దశలో కొత్తది కల్పించదు. రేపు ఎవరైనా "కొలిచాం" అని ప్రకటిస్తే నేను మొదట చూసేది సిగ్మాలు కాదు, ఆ దశ.