పురుగులు లెక్కపెట్టే బాధ్యత చిన్న రైతుదేనా?

సందేహి:
సమగ్ర సస్యరక్షణ గురించి ఏ శిక్షణలో విన్నా ఒకటే పాట: చేను చూడండి, పురుగులు లెక్కపెట్టండి, నష్ట పరిమితి, అంటే మందు ఖర్చుకు మించి పంట పోయేంత పురుగుల లెక్క, దాటితేనే మందు కొట్టండి. పగలు కూలికి పోయి పొద్దుగూకేవేళ సొంత చేను చూసుకునే రైతు వారం వారం దుబ్బులు వంచి దోమలు లెక్కపెడతాడా? పరిమితి దాటిందో లేదో తేల్చుకునేలోగా పంట పోతే ఆ నష్టం ఎవరు భరిస్తారు? ముందుజాగ్రత్తగా ఒక పిచికారీ వేయడమే అతనికి చౌక బీమా. కాదనేవారు చెప్పండి.

సాలీడు:
ఆ బీమాయే కొంప ముంచుతుంది, సందేహి గారూ. వరిలో సుడిదోమను తీసుకోండి. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన కూర్చుని రసం పీలుస్తుంది. గుడ్లు ఆకు తొడుగు లోపల పెడుతుంది. పైనుంచి కొట్టిన మందు చాలావరకు ఆకుల మీదే ఆగిపోతుంది, గుడ్లకు తగలదు. తగిలేది ఆకుల మధ్య తిరిగే సాలీళ్లకు, దోమ గుడ్లను పీల్చేసే మిరిడ్ నల్లులకు. గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చేసరికి వాటిని తినేవే ఉండవు. చేను సుడులు సుడులుగా ఎండిపోతుంటే, మందు చాల్లేదనుకుని రైతు మళ్లీ కొడతాడు.

ఇండోనేసియాలో జరిగింది ఇదే. అందుకే 1986లో అక్కడి ప్రభుత్వం వరిపై 57 పురుగుమందులను నిషేధించింది, మందులపై ఇస్తున్న భారీ సబ్సిడీని తర్వాతి కొన్నేళ్లలో ఎత్తివేసింది. మందుల వాడకం తగ్గింది. దిగుబడి మాత్రం పడిపోలేదు.

సందేహి:
కథ సగమే చెప్పారు. 1989 నుంచి అక్కడే రైతులకు పొలం బడులు, అంటే చేలోనే పురుగులను గమనించడం నేర్పే శిక్షణ, నడిపారు. 2004లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు తరచి చూస్తే, బడికి వెళ్లిన రైతుల దిగుబడిలోగానీ మందుల వాడకంలోగానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. వారిని చూసి నేర్చుకోవాల్సిన పక్క రైతుల సంగతి ఇక చెప్పాలా?

గట్టు:
మీ ఇద్దరి మాటలూ కలిపి చదివితే నాకు తోచింది ఇది. ఇండోనేసియాలో మొదట పనిచేసినవి నిషేధం, సబ్సిడీ రద్దు. వాటికోసం రైతు పురుగులు లెక్కపెట్టనక్కర్లేదు. ఆఫ్రికాలో కర్రపెండలం పిండినల్లి సంగతీ అంతే. 1970లలో దక్షిణ అమెరికా నుంచి వెళ్లి అక్కడి పేదల తిండికే ఎసరు పెట్టిన ఆ నల్లికి, 1981లో పరాగ్వేలో ఒక చిన్న కందిరీగ విరుగుడుగా దొరికింది. అది నల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది, పిల్ల నల్లిని లోపలినుంచి తినేస్తుంది. వాటిని పెంచి దేశదేశాల్లో వదిలారు, విమానాల నుంచి కూడా. ఆ పనికి సారథ్యం వహించిన హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. రైతు ఒక్క శిక్షణకూ వెళ్లనక్కర్లేకపోయింది.

1990లలో వియత్నాంలోని మెకాంగ్ డెల్టా వరి రైతులకు చెప్పింది ఒక్క మాటే: విత్తాక మొదటి 40 రోజులు ఆకుముడతకు మందు కొట్టవద్దు. ఆ వయసులో వరి కొత్త ఆకులు తొడిగి నష్టం పూడ్చుకుంటుంది. లెక్కలూ ఫారాలూ లేవు, రేడియో నాటికలతో ప్రచారం చేశారు. పిచికారీలు తగ్గాయి.

సమగ్ర సస్యరక్షణను నేను తప్పుపట్టను. దాని బరువంతా తెచ్చి చివరి మనిషి నెత్తిన పెట్టడమే నాకు మింగుడుపడదు. పైగా సలహా ఇచ్చేవాడే మందు అమ్మేవాడైన చోట ఎంత శిక్షణ ఇస్తే ఏం లాభం?

కొడవలి:
వాదన బాగుంది కానీ రైతును మరీ ప్రేక్షకుణ్ని చేసేశారు. తూర్పు ఆఫ్రికాలో మొక్కజొన్న వరుసల మధ్య డెస్మోడియం అనే చిక్కుడు జాతి మొక్క, చేను చుట్టూ నేపియర్ గడ్డి వేస్తున్నారు. కాండం తొలుచు పురుగు తల్లిని డెస్మోడియం వాసన తరుముతుంది, నేపియర్ రమ్మంటుంది. నేపియర్‌పై పొదిగిన పిల్లలు చాలావరకు బతకవు. మొక్కజొన్న వేళ్లను పట్టి పీల్చే స్ట్రైగా కలుపును కూడా డెస్మోడియం వేళ్లు అణిచేస్తాయి. నాటడం, కోయడం అంతా చాకిరీయే. అయినా చేస్తున్నారంటే, రెండూ పశువులకు మేత కాబట్టి. చేసిన పనికి ఫలం కళ్లముందు కనబడితే రైతు వెనకాడడు.

సందేహి:
పశువులు లేనివారో? సరే, అది పక్కన పెడదాం. మొక్కజొన్నను తినే కత్తెర పురుగు 2016లో ఆఫ్రికాలో బయటపడి రెండేళ్లలో ఆసియాకు చేరింది. దానికి గట్టు గారు ఏ విమానం పంపుతారు?

గట్టు:
ఏ విమానమూ లేదు. కానీ చూడాల్సింది కష్టం కాదు: లేత మొక్క సుడి ఆకుల్లో చిల్లులు, సుడిలో తడి రంపపు పొట్టులా పురుగు విసర్జన. పురుగు చిన్నగా ఉన్నప్పుడే మందు సుడిలో పడాలి. పెద్దదై లోపల దూరాక కొట్టింది దండగ. ఆకుల మీది గుడ్ల గుంపులను చేత్తో నలిపేయడం చిన్న కమతంలోనే సాధ్యం, ఇందులో చిన్న రైతుదే పైచేయి. ఆ గుడ్లను నాశనం చేసే టెలినోమస్ అనే పరాన్నజీవి రెండు ఖండాల్లోనూ ఇప్పటికే ఉంది. మీ ముందుజాగ్రత్త పిచికారీ దాన్నీ చంపుతుంది.

ఆ పిచికారీకి అయ్యే డబ్బునే రైతులు కలిసి, వారానికోసారి అందరి చేలూ చూసి చెప్పే మనిషికి జీతంగా ఇస్తే, మీ చౌక బీమా కన్నా ఖరీదవుతుందా?

సందేహి:
ఆ మనిషి మందుల కంపెనీ జీతగాడు కాకపోతే ఖరీదు కాదు, ఒప్పుకుంటాను. అతను తప్పు చెప్పి పంట పోతే ఎవరు కడతారో అది చెప్పండి.