తెలుగు సీరియల్లో అవకాశం వచ్చింది, గొంతు మాత్రం వేరేవాళ్ళది అంటున్నారు. బెంగళూరువాళ్ళు అనుభవాలు చెప్పండి

హొరమావు అమ్మ:
అందరికీ నమస్కారం. మాది మదనపల్లె. బెంగళూరు వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. మా పెద్దమ్మాయికి 22. బీకాం చదివేటప్పుడు కాలేజీ నాటకాల్లో వేసేది. అక్కడ చూసి పిలిచారు, ఒక కన్నడ సీరియల్లో హీరో చెల్లెలుగా ఎనిమిది నెలలు చేసింది. మధ్యలో రెండు కన్నడ సినిమాల్లో చిన్న వేషాలు. ఒకదాంట్లో మూడు సీన్లు ఉన్నాయి, ఇంకోదాంట్లో నాలుగు రోజులు పని చేస్తే ఎడిటింగ్‌లో ఒక్క సీను మిగిలింది.

పోయిన వారం హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. తెలుగు డైలీ సీరియల్, సెకండ్ హీరోయిన్. నెలకి పదిహేను రోజులు షూటింగ్, రెండేళ్ళ అగ్రిమెంట్. వెళ్ళి లుక్ టెస్ట్ ఇచ్చి వచ్చింది, సెలెక్ట్ అన్నారు. ఇంటికొచ్చిన రెండో రోజు మళ్ళీ ఫోన్ చేసి, యాక్టింగ్ బాగుంది గానీ యాస ఉంది, డబ్బింగ్ వేరేవాళ్ళతో చెప్పిస్తాం అన్నారు. ఆ రాత్రి పిల్ల అన్నం ముట్టలేదు. "ఇంట్లో పుట్టినప్పటినుంచీ మాట్లాడేది తెలుగే కదమ్మా, నాది తెలుగు కాదా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

వాళ్ళ నాన్న ఏమీ అనడం లేదు, అదే ఇంకా భయం. ఈ దారిలో పిల్లల్ని పంపినవాళ్ళు, మీరే ఆ పనిలో ఉన్నవాళ్ళు, దయచేసి రాయండి.

ఆర్ఆర్ నగర్ కో డైరెక్టర్:
అక్కా, పదకొండేళ్ళుగా ఇక్కడ సీరియల్స్‌లో పని చేస్తున్నాను. మాది హిందూపురం. ముందు అగ్రిమెంట్ సంగతి చెప్తాను, గొంతు సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు.

నెలకి పదిహేను రోజులు అని నోటితో అంటే సరిపోదు. కనీసం ఇన్ని రోజులు పని ఇస్తాం అని కాగితం మీద ఉండాలి. సీరియల్లో పాత్రల బరువు ముందే రాసి పెట్టి ఉండదు. ప్రతి గురువారం బార్క్ రేటింగ్, అంటే ఏ సీరియల్ ఎంతమంది చూశారన్న లెక్క, వస్తుంది. ఆ రోజు ఛానెల్ వాళ్ళు, రైటర్లు కూర్చుని కథలో ఏ పాత్రల ట్రాక్ జనాన్ని లాగుతోంది, ఏది లాగట్లేదు అని చూస్తారు. సెకండ్ హీరోయిన్ ట్రాక్ పడుతోందంటే నెలకి ఇరవై రెండు రోజులు పిలుస్తారు. పడకపోతే ఆ అమ్మాయిని అమెరికా పంపించేస్తారు కథలో. ఆరు రోజులే పని, కానీ అగ్రిమెంట్ వల్ల ఇంకో ఛానెల్లో చెయ్యకూడదు. మా యూనిట్లో ఒక అమ్మాయి ఇలాగే నాలుగు నెలలు ఖాళీగా కూర్చుంది. ఇంకో సీరియల్లో మెయిన్ లీడ్ వస్తే వదులుకుంది. కాబట్టి పని రోజులు తగ్గితే బయట చేసుకునే వీలు ఉండాలని రాయించుకోండి. అడిగితే కోపం తెచ్చుకోరు, అందరూ అడిగేదే.

పేమెంట్ రోజు లెక్క. చేసిన నెలది చేతికి రావడానికి మా దగ్గర రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా ఇంటి నుంచి పెట్టుకునే స్తోమత ఉండాలి. 10 శాతం టీడీఎస్, అంటే పన్ను, ముందే కోస్తారు, అది నిజంగా మీ అమ్మాయి పాన్ మీద కట్టారా లేదా అని ఆదాయపన్ను వెబ్‌సైటులో చూసుకోండి. రానూపోనూ ఛార్జీలు, హైదరాబాదులో ఉండే చోటు ఎవరిదో కూడా ఇప్పుడే తేల్చుకోండి.

పద్మనాభనగర్ చెల్లి:
బట్టల సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. మా అక్క చేసినప్పుడు చీరలు, బ్లౌజులు, గాజులు, జుంకాలు అన్నీ సొంతమే. ఒక చీర పెద్ద సీన్లో కనబడితే మళ్ళీ నెల దాకా కట్టడానికి లేదు. మొదటి మూడు నెలల సంపాదనలో సగం చిక్‌పేటలో చీరలకే పోయింది. కాస్ట్యూమ్స్ ప్రొడక్షన్ ఇస్తుందా, అలవెన్స్ ఇస్తుందా అడగండి అక్కా.

బొమ్మనహళ్ళి నటుడు:
అమ్మా, మీ అమ్మాయి అడిగిన మాటే నాలుగేళ్ళ కిందట నేను మా అమ్మని అడిగాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

మా తాతలది కోలారు పక్క పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. హైదరాబాదులో మొదటి రోజు సీను ఏమిటంటే, అత్త వడ్డిస్తూ ఉంటే నేను చెయ్యి అడ్డం పెట్టి "చాలత్తా" అనాలి. కెమెరా ముందు నా నోట్లోంచి వచ్చింది "సాకత్తా". సెట్టంతా ఆగిపోయింది. సాకు అంటే చాలు అని కన్నడ తెలిసినవాళ్ళకే అర్థమవుతుంది. పుట్టినప్పటినుంచీ మా ఇంట్లో అన్నం తినేటప్పుడు అనే మాట అది, అది తెలుగు కాదన్న సంగతే నాకు ఇరవై రెండేళ్ళు తెలియదు. రెండో టేక్‌లో సరిగ్గా అన్నాను. కానీ ఆ సాయంత్రం గొంతు మార్చేస్తాం అన్నారు.

మీ అమ్మాయికి చెప్పండి, ఆమెది తెలుగే. మన తెలుగు మదనపల్లెలో, కోలారులో, హొసూరులో, ఇక్కడ చిక్కబళ్ళాపురంలో బతికున్న తెలుగు. కానీ కథలో పాత్ర రాజమండ్రి ఇంటి పిల్ల అయితే రాజమండ్రి పలుకు నేర్చుకోవడం నటన పనిలో ఒక భాగం. అంతవరకు వాళ్ళు అడిగింది న్యాయమే.

ఇంకో సంగతి. గొంతు మార్చడానికి యాస ఒక్కటే కారణం కాదు. సెట్లో ప్రాంప్టింగ్ ఉంటుంది. డైలాగ్ పేపర్ మన చేతికి షాటుకి పది నిమిషాల ముందు వస్తుంది. ఒక్కోసారి ఆ పేపర్ సిరా కూడా ఆరి ఉండదు. కెమెరా పక్కన స్టూలు మీద అసిస్టెంట్ డైరెక్టర్ కూర్చుని ముక్క ముక్క అందిస్తాడు. "ఈ ఇంటి గడప" అంటాడు, మనం "ఈ ఇంటి గడప" అంటాం. "తొక్కే హక్కు" అంటాడు, మనం అది అంటూ ఏడవాలి. ఆయన గొంతు, మన గొంతు రెండూ మైకులో పడతాయి. కాబట్టి ఆ సౌండ్ ఎలాగూ పనికిరాదు, తర్వాత స్టూడియోలో చెప్పుకోవాల్సిందే. ఆ టైముకి మనం ఇంకో ఎపిసోడ్ షూటింగ్‌లో ఉంటాం. నటుడి కోసం డబ్బింగ్ ఆగితే టెలికాస్ట్ దగ్గర పడుతుంది. అందుకే రోజూ స్టూడియోలో ఉండే డబ్బింగ్ ఆర్టిస్టులతో అయిపోగొడతారు. వాళ్ళ పని చిన్నదేం కాదు. నా పాత్రకి చెప్పినాయన ఒక గంటలో నలుగురికి నాలుగు గొంతులు చెప్పడం కళ్ళారా చూశాను.

నేను చేసింది చెప్తాను. రోజూ పొద్దున ఆరింటికి తెలుగు పేపర్లో ఒక వార్త పైకి చదివి ఫోన్లో రికార్డు చేసుకునేవాణ్ణి. సాయంత్రం సెట్లో ఒక పెద్ద నటికి వినిపించేవాణ్ణి. ఆమె పట్టుకున్న తప్పులు మూడు: ఒత్తులు తేలిపోవడం, వాక్యం చివర కన్నడలాగా పైకి లాగడం, "వస్తాండా" లాంటి క్రియలు. మూడో దానికి వారం చాలింది. రెండోదానికి మూడు నెలలు పట్టింది. నాలుగో నెలలో వాయిస్ టెస్ట్ అడిగాను. షూటింగ్ లేని రోజు నా ఖర్చుతో వస్తాను, రెండు ఎపిసోడ్లు చెప్పనివ్వండి, నచ్చకపోతే తీసెయ్యండి అన్నాను. మొదటి రోజు తెర మీద పెదాల కదలికకి మాట కుదరక ఒక్క సీనుకి గంటన్నర పట్టింది. సౌండ్ ఇంజనీరు విసుక్కోలేదు, దండం పెట్టాలి ఆయనకి. ఆరో నెల నుంచి నా పాత్రకి నా గొంతే.

మొదటిసారి మా అమ్మ టీవీ ముందు కూర్చుని నా గొంతు విని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని వచ్చింది. అంతకుముందు అయిదు నెలలు ఆమె ఆ సీరియల్ రోజూ చూసింది, ఒక్క రోజు కూడా అలా కాలేదు.

జయనగర్ రంగస్థలం:
బొమ్మనహళ్ళి బాబు రాసింది రెండుసార్లు చదివాను. ఒక ఉదాహరణ కలుపుతాను. సాయిపల్లవిది నీలగిరుల్లోని కోటగిరి. తెలుగువాళ్ళకి మొదట ఢీ డ్యాన్స్ షోలో కనబడింది, 2015లో మలయాళం ప్రేమమ్‌తో పేరు వచ్చింది. 2017లో ఫిదాలో బాన్సువాడ పిల్లగా తెలంగాణ యాస నేర్చుకుని తన గొంతుతోనే చెప్పుకుంది. ఆ పాత్రలోంచి ఆ గొంతు తీసేస్తే ఏం మిగులుతుంది? తెలుగు మాతృభాష కాని పిల్ల అది చేసిందంటే, మీ అమ్మాయి తప్పకుండా చేస్తుంది.

ఇక సీరియల్‌కి వెళ్తే సినిమాకి పనికిరారన్న భయం చాలామందికి ఉంది. మన ఊళ్ళోనే చూడండి. యశ్ హాసన్ జిల్లా నుంచి వచ్చి బెనక నాటక బృందంలో తెర వెనక పనులు చేశాడు. తర్వాత సీరియల్స్. నందగోకుల సీరియల్లో అతను, రాధికా పండిత్ కలిసి చేశారు. 2008లో మొగ్గిన మనసుతో ఇద్దరూ సినిమాల్లో నిలబడ్డారు. కేజీఎఫ్ వచ్చింది 2018లో. మధ్యలో పదేళ్ళు. ఆ పదేళ్ళ సంగతి పిల్లలకి చెప్పాలి, మనం కేజీఎఫ్ దగ్గర మొదలుపెడతాం.

కోరమంగళ రైటర్:
యశ్ పేరు చెప్పి ధైర్యం ఇవ్వడం నాకు నచ్చలేదు గురువుగారూ. అలా అయినవాడు ఒక్కడుంటే సీరియల్లోనే ఉండిపోయినవాళ్ళు వందలు. రోజూ రాత్రి ఇంట్లో కనబడే ముఖం కోసం టికెట్ కొని ఎందుకు వస్తారని సినిమావాళ్ళు మొహం మీదే అంటారు, నేనే విన్నాను.

జయనగర్ రంగస్థలం:
మీరన్నది నిజమే, కాదనను. కానీ సీరియల్లోనే ఉండిపోవడం ఓడిపోవడం అని ఎందుకనుకోవాలి? తెలుగు సీరియల్ గుప్పెడంత మనసు 2020లో మొదలై 2024 దాకా నడిచింది. అందులో రిషి, వసుధార ఇద్దరూ కన్నడ పిల్లలే, ముఖేష్ గౌడ, రక్షా గౌడ. గోరింటాకు సీరియల్‌తో వచ్చిన మైసూరు అబ్బాయి నిఖిల్ మళియక్కల్‌ని 2024 డిసెంబరులో బిగ్‌బాస్ తెలుగు 8 విజేతగా తెలుగువాళ్ళే ఓట్లేసి గెలిపించారు. నాలుగేళ్ళు రోజూ ఒకే పాత్రని నిలబెట్టడం ఎంత కష్టమో నాటకం వేసినవాణ్ణి, నాకు తెలుసు.

మారతహళ్ళి నాన్న:
వేరే విషయం, కానీ ఎవరికైనా పనికొస్తుంది. మా అబ్బాయిని ఒక ఆఫీసుకి తీసుకెళ్ళాను. పోర్ట్‌ఫోలియో, గ్రూమింగ్, కోఆర్డినేషన్ అని 85 వేలు తీసుకున్నారు. ఆరు నెలల్లో రెండు ఆడిషన్లు, అవీ అందరికీ తెరిచి ఉన్నవే. అడగడానికి వెళ్తే ఆ ఆఫీసుకి తాళం. డబ్బు కంటే, వాడు ఆ ఫోటోల ఆల్బం అటక మీద పడేసి మళ్ళీ దాని మాట ఎత్తకపోవడం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఆడిషన్‌కి డబ్బు అడిగారంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

బనశంకరి తల్లి:
చిన్నపిల్లల్ని పంపేవాళ్ళకి ఒక మాట. మా పాప తొమ్మిదేళ్ళప్పుడు చేసింది. 2017 నుంచి బాలనటుల విషయంలో రూల్స్ స్పష్టంగా ఉన్నాయి: జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి, రోజుకి 5 గంటలకి మించి పని చేయించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులు మించకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం పిల్ల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి. ఇవి నేను ప్రింట్ తీసి మేనేజర్ చేతికిచ్చాకే మా పాపని సాయంత్రం నాలుగింటికి వదలడం మొదలుపెట్టారు. అంతకుముందు రాత్రి తొమ్మిది అయ్యేది, కారులో నిద్రపోతూ వచ్చేది.

హొరమావు అమ్మ:
అందరికీ పేరుపేరునా దండాలు. జరిగింది చెప్తాను.

ఆర్ఆర్ నగర్ తమ్ముడు చెప్పినవి కాగితం మీద రాసుకుని ఫోన్ చేశాను. నెలకి కనీసం పన్నెండు రోజులు రాస్తామన్నారు. అంతకంటే తగ్గితే బయట చేసుకోవచ్చు, కానీ అదే టైము స్లాట్లో వచ్చే సీరియల్ కాకూడదు. ఏసీ బస్సు ఛార్జీలు వాళ్ళవి, ఉండడం మాది. చీరలకి అలవెన్స్ లేదు. పెద్ద ఫంక్షన్ సీన్లకి మాత్రం వాళ్ళే ఇస్తారట.

గొంతు గురించి అమ్మాయే మాట్లాడింది. బొమ్మనహళ్ళి బాబు అన్నట్టే, మూడు నెలల తర్వాత వాయిస్ టెస్ట్ ఇవ్వనిస్తారా అని. అవతలాయన కాసేపు ఆలోచించి, ముందు నేర్చుకో అమ్మా, నేనే వింటాను అన్నాడట. అది అగ్రిమెంట్లో లేదు, మాట మాత్రమే. అయినా ఫోన్ పెట్టేసి నవ్వుతూ వచ్చింది.

ఇప్పుడు పొద్దున్నే లేచి పేపరు పైకి చదువుతోంది. నిన్న వాళ్ళ నాన్న కాఫీ గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. "ప్రభుత్వం అని ఒత్తి పలుకు, బ్రబుత్వం అనద్దు" అన్నాడు. ఇన్ని రోజుల తర్వాత ఈ విషయం మీద ఆయన మాట్లాడింది అదే మొదటిసారి.

సోమవారం రాత్రి మడివాళలో బస్సు ఎక్కిస్తున్నాం. మొదటి షెడ్యూలుకి నేనూ వెళ్తున్నా. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ వైపు మంచి లేడీస్ హాస్టల్ ఎవరికైనా తెలుసా? రాత్రి పదకొండింటికి షూటింగ్ నుంచి వచ్చినా గేటు తీసేది కావాలి.

పద్మనాభనగర్ చెల్లి:
మా అక్క ఉన్నది ఒకటి ఉంది అక్కా, ఆంటీ మంచావిడ, గేటు తీస్తారు. నంబరు మీకు విడిగా పంపిస్తాను. వెళ్ళేటప్పుడు రెండు కాటన్ చీరలు ఎక్కువ పెట్టండి, లైట్ల కింద పట్టుచీరతో పన్నెండు గంటలంటే ఒళ్ళు పేలిపోతుంది.