నలభై దాటాక కెరీర్ మార్పు: రెజ్యూమేలో ఏళ్ళు దాచాలా, వద్దా?

లెక్కల మాస్టారు: నాకు 46. హైస్కూల్లో 21 ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. ఏడాదిగా రాత్రిళ్ళు కూర్చుని, డేటా విశ్లేషణకు వాడే ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ నేర్చుకుని డేటా అనలిస్ట్ ఉద్యోగాలకు అప్లై చేస్తున్నాను. 30కి పైగా పంపినా ఒక్క ఫోనూ రాలేదు. తేదీలన్నీ తీసేసి, నైపుణ్యాలే కనిపించేలా ఫంక్షనల్ రెజ్యూమే పెట్టమని మిత్రుడి సలహా. అది మోసం కిందికి వస్తుందేమోనని మనసు పీకుతోంది. మీరేమంటారు?

రెండో మజిలీ: మోసమెలా అవుతుందండీ? రెజ్యూమే జీవిత చరిత్ర కాదు కదా. నేను 44లో బ్యాంకు వదిలి కంటెంట్ రైటింగ్‌కి వచ్చాను. ఏళ్ళు కనిపించినన్నాళ్ళూ ఎవరూ పిలవలేదు, తీసేశాకే పిలిచారు. గుమ్మం దాటనిస్తేనే కదా మన పనితనం చూపించేది!

పాత రిక్రూటర్: తొమ్మిదేళ్ళు ఈ పనే చేశాను, అందుకే గట్టిగా చెబుతున్నా, వద్దు. తేదీల్లేని రెజ్యూమే చూడగానే మధ్యలో గ్యాప్ ఏదో ఉందన్న అనుమానమే ముందు వస్తుంది. చాలా కంపెనీల్లో అప్లికేషన్లు ముందుగా వాటిని సేకరించి వడపోసే ఏటీఎస్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తాయి. అది ఉద్యోగం పేరు, సంస్థ, తేదీలు విడదీసి పెట్టుకుంటుంది. తేదీలు లేకపోతే అనుభవం లెక్క తప్పుతుంది. పైగా లింక్డిన్‌లో అన్నీ కనిపిస్తూనే ఉంటాయి. డిగ్రీ పాసైన సంవత్సరం తీసేయండి, అందులో తప్పు లేదు. అసలు మీ అనుభవం కింద ఏం రాశారు మాస్టారూ?

లెక్కల మాస్టారు: "8, 9, 10 తరగతులకు గణిత బోధన, పరీక్షల నిర్వహణ."

పాత రిక్రూటర్: అదీ సంగతి. మార్కులతో ఏం చేసేవారు?

లెక్కల మాస్టారు: ప్రతి యూనిట్ టెస్టు తర్వాత 160 మంది మార్కులు ప్రశ్నలవారీగా ఎక్సెల్‌లో ఎక్కించేవాణ్ణి. ఎక్కువమంది ఎక్కడ తప్పారో చూసి ఆ పాఠం మళ్ళీ చెప్పేవాణ్ణి. త్రికోణమితిలో పిల్లలు మార్కులు పోగొట్టుకునేది సూత్రాల దగ్గర కాదు, ఎత్తులు-దూరాల లెక్కలకు బొమ్మ గీయడం దగ్గర. అది అలాగే తెలిసింది.

పాత రిక్రూటర్: ఇది అనలిస్టు పనే! ఇదే రాయండి, ఉన్నదున్నట్టు. పైన మూడు లైన్ల సమ్మరీ, దాని కింద ప్రాజెక్టులు, ఆ తర్వాత తేదీలతో సహా ఉద్యోగం. దీన్నే కాంబినేషన్ ఫార్మాట్ అంటారు.

రెండో మజిలీ: ఇది బాగుంది, ఒప్పుకుంటున్నా. కానీ వయసు చూసి పక్కన పెట్టేవాళ్ళు లేరనకండి. ఉద్యోగాల్లో వయసు వివక్ష నుంచి 40 దాటినవాళ్ళను కాపాడటానికి అమెరికాలో 1967లోనే చట్టం తేవాల్సి వచ్చింది. ఆ 21 అనే అంకె పైన కనిపించకూడదు.

పాత రిక్రూటర్: ఉన్నారు, కాదనను. అలాంటి మేనేజర్ల దగ్గర నేనూ పనిచేశాను. కానీ వాళ్ళు ఇంటర్వ్యూలో ముఖం చూశాకైనా అదే చేస్తారు. అప్పటికి మాస్టారి రోజు వృథా.

లెక్కల మాస్టారు: డిగ్రీ సంవత్సరం తీసేశాను, ఉద్యోగం తేదీలు ఉంచాను. ఎత్తులు-దూరాల సంగతి మొదటి ప్రాజెక్టుగా పెట్టాను, పిల్లల పేర్లు తీసేసి. సమ్మరీలో 21 ఏళ్ళని రాయాలా వద్దా అన్నదే ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.