సొంత కారులో మెక్సికోలోని ఎన్సెనాడా వెళ్లినవాళ్లు ఉన్నారా?

వచ్చే నెల పిల్లలతో శాన్ డియాగో నుంచి టిహువానా మీదుగా ఎన్సెనాడా వెళ్దామనుకుంటున్నాం, సొంత కారులోనే. అమెరికా ఇన్సూరెన్స్ అక్కడ చెల్లదు కాబట్టి మెక్సికో పాలసీ విడిగా తీసుకుంటున్నా. పగలే ప్రయాణం, అదీ సముద్రం పక్కన వెళ్లే 1డి టోల్ రోడ్డు మీదే. నా టెన్షన్ అంతా బోర్డర్ దాటాక ఆ రోడ్డు ఎక్కేదాకానే. సందుల్లోకి తప్పిపోకుండా ఏ బోర్డులు చూసుకోవాలి? పోలీసు ఆపి డబ్బులు అడిగితే, స్టేషన్‌కి వచ్చి ఫైన్ కట్టి రసీదు తీసుకుంటానని చెప్పమంటున్నారు, నిజంగా అలా చెప్పి బయటపడ్డవాళ్లు ఉన్నారా? తిరిగొచ్చేటప్పుడు శాన్ యిసిడ్రో బోర్డర్ గేటు దగ్గర లైన్‌లో గంటలు పడుతుందట, చిన్నపిల్లలతో ఇంకో గేటు ఒటాయ్ మీసా నయమా? మా ఆవిడేమో కారు ఇటువైపే పార్క్ చేసి నడిచి దాటి, అక్కణ్నుంచి బస్సెక్కుదామంటోంది. అది మేలంటారా?