బోటు వెనక ట్యూబ్ మీద పిల్లల్ని ఎక్కించవచ్చా? కొత్తగా వచ్చాం, చెప్పండి

గూడూరు, ఇప్పుడు ఫ్రిస్కో:
అందరికీ నమస్కారం. మేం మార్చిలో డాలస్ వచ్చాం. ఆఫీసు వాళ్లు శనివారం లూయిస్‌విల్ లేక్‌కి రమ్మంటున్నారు. బోటు అద్దెకు తీసుకుని, వెనక తాడుతో గాలి ట్యూబ్ కట్టి పిల్లల్ని లాగుతారట. బాబుకి 8, పాపకి 5. ఈత ఇద్దరికీ అంతంత మాత్రమే. మాకు పడవంటే భీమునివారిపాలెం దగ్గర పులికాట్‌లో ఒకసారి ఎక్కిందే. వీడియోలు చూస్తే టెన్షన్‌గా ఉంది, వద్దంటే బాబు ఏడుస్తున్నాడు. ఎంత స్పీడు, ఏ జాకెట్, పాపను ఎక్కించవచ్చా?

నెల్లూరు, ఇర్వింగ్:
తమ్ముడూ, ముందు నువ్వు అడగని సంగతి చెప్తా. బోటు నడిపేది ఎవరు? టెక్సాస్‌లో 1993 సెప్టెంబర్ 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు 15 హార్స్‌పవర్ దాటిన బోటు నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. మీ ఆఫీసు కుర్రాళ్లందరూ ఆ వయసు వాళ్లే అయి ఉంటారు, ఇప్పుడే అడుగు. 26 అడుగుల లోపు బోటు కదులుతుంటే 13 ఏళ్లలోపు పిల్లల ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉండాల్సిందే. సీటు కింద పెట్టుకుంటే కుదరదు. పొద్దు కుంకాక లాగకూడదు. వెనక్కి చూడటానికి 13 నిండిన మనిషి గానీ, పెద్ద అద్దం గానీ ఉంటే చాలు. ఆరెంజ్ జెండా కూడా పెట్టుకోవాలి. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నా, నాకు తెలుసు.

కావలి, ప్లానో:
అన్నా, జెండా టెక్సాస్ రూలు కాదు. కాలిఫోర్నియాలో మనిషి నీళ్లలో పడ్డప్పుడు ఎత్తేది అది. మిగతావి నువ్వు చెప్పినట్టే. కానీ అద్దం చాలు అనొద్దు.

తమ్ముడూ, మాకు జరిగింది చెప్తా, కాస్త పెద్దదైనా చదువు. మూడేళ్ల కిందట ఒక లేక్ ఒడ్డున అద్దె బోటు తీసుకున్నాం. డిపాజిట్ 500 డాలర్లు. కౌంటర్లో అబ్బాయి ట్యూబ్, తాడు ఫ్రీ అన్నాడు. ఫ్రీ అనగానే సంతోషపడి ఏమీ చూడలేదు. తాడు పోగులు లేచిపోయి ఉంది. దాన్ని బోటు వెనక మూల ఒడ్డుకి కట్టే కొక్కేనికి తగిలించి ఇచ్చారు. అది బోటుని ఆపుకోవడానికే, మనుషుల్ని లాగడానికి కాదు. లాగే కొక్కెం వేరే ఉంటుంది, బోటు వెనక భాగం మధ్యలో.

మా ఆయన నడుపుతున్నారు. నేను వెనక్కి చూడాల్సినదాన్ని, ఫోన్లో వీడియో తీస్తున్నా. మా అబ్బాయి, మా ఆడపడుచు కొడుకు ట్యూబ్ మీద ఉన్నారు. స్పీడు తక్కువే. కానీ మలుపు తిప్పేసరికి ట్యూబ్ పక్కకి విసిరేసినట్టు పోయింది. కళ్లంలో గుంజ చుట్టూ ఎడ్లను తిప్పేటప్పుడు చూశావా, లోపలి ఎద్దు నడుస్తుంటే బయటి ఎద్దు పరిగెత్తాలి. బోటు లోపలి ఎద్దు, ట్యూబ్ బయటి ఎద్దు. మీటర్ మీద గంటకి 15 మైళ్లు అని ఉన్నా పిల్లలు అంతకంటే వేగంగా పోతుంటారు. ఇద్దరూ ఎగిరి పడ్డారు, తలలు కొట్టుకున్నాయి. ఆడపడుచు కొడుక్కి పెదవి చీలి నెత్తురు. నేను ఫోన్లోంచి తల ఎత్తేసరికి ట్యూబ్ ఖాళీ.

ఆ కంగారులో మా ఆయన బోటుని రివర్స్‌లో వాళ్ల దగ్గరికి తెస్తున్నారు. పక్క బోటులోంచి ఒకాయన ఇంజిన్ ఆపమని అరిచాడు. న్యూట్రల్ చాలదు, తాళం తిప్పి ఆపాలి. వెనక నీళ్లలో ప్రొపెల్లర్ రెక్కలు తిరుగుతుండొచ్చు. ఆ అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది.

తిరిగి వచ్చాక ప్రొపెల్లర్ సొట్ట మేమే పెట్టామని, ట్యూబ్ చిరిగిందని మొత్తం డిపాజిట్ పట్టుకున్నారు. తీసుకునేటప్పుడు ఫోటోలు తీయలేదు. రెండు నెలలు ఈమెయిళ్లు రాస్తే 180 వచ్చింది. కాబట్టి ముందే ప్రొపెల్లర్, ట్యూబ్, తాడు, సీట్లు అన్నీ ఫోటోలు తియ్యి.

ఒంగోలు, ఆస్టిన్:
అక్క చెప్పింది నిజం. 2017 నవంబర్ 12న కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడింది కదా, పోయినవాళ్లలో ఎక్కువమంది మా ఒంగోలు వాళ్లే. లైఫ్ జాకెట్లు లేవు. అందుకే జాకెట్ మాట వస్తే నేను ఊరుకోలేను.

జాకెట్ మీద అమెరికా కోస్ట్ గార్డ్ ఆమోదం ఉందని రాసి ఉండాలి. 30 నుంచి 50 పౌండ్ల బరువున్న పిల్లలకి ఒకటి, 50 నుంచి 90కి ఇంకొకటి. పెరుగుతారులే అని పెద్దది కొనొద్దు. వేసి బెల్టులు బిగించి, భుజాల దగ్గర పట్టి పైకి ఎత్తు. జాకెట్ చెవుల దాకా లేస్తే అది పనికిరాదు. పాపకి కాళ్ల మధ్య పట్టీ ఉన్నది చూడు. తాడు లాగితే గాలి నిండే రకం పిల్లలకి వద్దు.

తాడు 50 నుంచి 65 అడుగులు. ఇద్దరు కూర్చునే ట్యూబ్‌కి 2375 పౌండ్లు తట్టుకునే తాడు కావాలి, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. బోటు వెనక మెట్టు మీద పిల్లల్ని కూర్చోబెట్టకండి. ఇంజిన్ పొగ అక్కడే పోగవుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, పిల్లలు నిద్ర వచ్చినట్టు వాలిపోతారు.

కందుకూరు, హ్యూస్టన్:
మరీ భయపెడుతున్నారు. నేనైతే మా వాణ్ణి ముందు కూర్చోబెట్టుకుని ట్యూబ్ ఎక్కుతా. పట్టుకుని ఉంటా కదా.

కావలి, ప్లానో:
తమ్ముడూ, పడ్డప్పుడు నీ చెయ్యి ఎక్కడుంటుందో నీకే తెలియదు. నీ బరువు వాడి మీద పడుతుంది, నీ మోకాలో తలో వాడికి తగులుతుంది. పిల్లలు పిల్లలతోనే ఎక్కాలి, అదీ దాదాపు ఒకే బరువు వాళ్లయితేనే.

నెల్లూరు, ఇర్వింగ్:
జెండా విషయం సరే, ఒప్పుకుంటా. కానీ అద్దం చట్టంలో ఉంది, నేను కల్పించలేదు. పెన్నాలో ఈత నేర్చుకున్నవాణ్ణి, నీళ్లంటే ఏంటో నాకు తెలుసు.

ఒంగోలు, ఆస్టిన్:
అన్నా, చట్టంలో ఉందనే అక్కా ఒప్పుకుంది. కానీ బొటనవేలు కిందికి చూపిస్తే నెమ్మది అని, మెడ మీద చెయ్యి అడ్డంగా ఆడిస్తే ఇంజిన్ ఆపు అని పిల్లలకి నేర్పుతాం. ఆ చెయ్యి అద్దంలో ఎంత కనిపిస్తుంది? నడిపేవాడు ముందు వచ్చే బోట్లు చూడాలి. వెనక చూసే మనిషికి వేరే పని ఉండకూడదు. ఈత వచ్చినా, నీళ్లు మొహానికి తగిలి దిమ్మెరపోతే చేతులు ఆడవు. నడిపేవాళ్ల ఒంటికి కిల్ స్విచ్ తాడు (వాళ్లు నీళ్లలో పడితే ఇంజిన్ ఆపేసేది) తగిలించి ఉండాలి, 2021 ఏప్రిల్ 1 నుంచి అది దేశమంతా రూలు.

నెల్లూరు, ఇర్వింగ్:
సరే, మా వాళ్లతో వెళ్లినప్పుడు నేనే వెనక్కి తిరిగి కూర్చుంటా. చట్టం మాత్రం నేను చెప్పిందే.

గూడూరు, ఇప్పుడు ఫ్రిస్కో:
అందరికీ చాలా థాంక్స్. నడిపే అబ్బాయికి కోర్సు కార్డు ఉందట, ఇప్పుడే అడిగాను. వెనక్కి చూసేది నా భార్య, ఫోన్ నా దగ్గర పెడుతుంది. పాపను ఈసారి ఎక్కించం. బాబుకి ఎంత స్పీడు?

కావలి, ప్లానో:
మొదటిసారి 8, 10 మైళ్లు చాలు. వాడు నవ్వుతుంటే 12. పిల్లలకి 15 ఎప్పుడూ దాటొద్దు. మలుపులో ఇంకా తగ్గించమను. తాడు చేతికి చుట్టుకోవద్దని, పడితే రెండు చేతులూ ఎత్తి బాగున్నానని చూపించమని ఇంట్లోనే సోఫా మీద ఆడించి నేర్పు. పాప ట్యూబ్ ఎక్కకపోయినా బోటులో జాకెట్ వేసుకోవాలి. బరువెంత?

గూడూరు, ఇప్పుడు ఫ్రిస్కో:
42 పౌండ్లు అక్కా. బాబు 57.

కావలి, ప్లానో:
30-50ది మా అమ్మాయిది ఉంది, కాళ్ల మధ్య పట్టీతో. గురువారం రాత్రి 7 తర్వాత ఇంట్లోనే ఉంటా. జాకెట్ తీసుకెళ్లడానికి నువ్వొక్కడివే రాకు, పాపను తీసుకురా. వేసి, ఎత్తి చూశాకే ఇస్తా. అన్నం కూడా ఇక్కడే తినండి.