ఈసారి వనభోజనాలు మ్యెల్నిక్‌లో: ఎవరు ఏ పని తీసుకుంటారు?

సమన్వయం:
ప్రాగ్‌లోని తెలుగువాళ్లందరికీ నమస్కారం. కార్తీకమాసం దాకా ఆగితే ఇక్కడ నవంబరు చలి, సాయంత్రం నాలుగున్నరకే చీకటి. అందుకే వనభోజనాలు సెప్టెంబరు మొదట్లోనే పెట్టుకుందాం. చోటు విషయంలో నా మాట మ్యెల్నిక్ జిల్లా. చెక్ రాజధాని ప్రాగ్‌కు ఉత్తరాన ఉంటుంది, మ్యెల్నిక్ ఊరు సుమారు 35 కిలోమీటర్లు. మనలో చాలామందికి ప్రాగ్ అంటే ఆఫీసు, కోట, చార్లెస్ వంతెన, అంతే. ఈ నగరాన్ని నడిపిస్తున్న పక్క జిల్లాను మన పిల్లలు ఒక్కసారైనా చూడాలని నా కోరిక.

అక్కడ ప్రాగ్ మీదుగా పారే వల్టవా నది వచ్చి లాబే నదిలో కలుస్తుంది. జర్మనీలోకి వెళ్లాక లాబేనే ఎల్బే అంటారు, హాంబర్గ్ దాటి ఉత్తర సముద్రంలో కలుస్తుంది. కలిసేచోట వల్టవాయే పొడవైన నది, నీళ్లు ఎక్కువ తెచ్చేదీ అదే. అయినా ముందుకు సాగేది లాబే పేరే. కాళేశ్వరంలో ప్రాణహిత అంత నీరు తెచ్చి గోదావరి పేరుతో వెళ్లిపోయినట్టే. ఊళ్లనుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఇది చూపిస్తే ఎంత సంతోషిస్తారో!

రవాణా:
మెట్రో సి లైన్‌లో లాద్వీ దగ్గర దిగితే మ్యెల్నిక్‌కు బస్సులున్నాయి. కానీ పెద్దవాళ్లు, వంటపాత్రలు ఉంటే అద్దె బస్సే మేలు. ఊరు గుట్ట మీద ఉంది, నదులు కింద. పైకి ఎక్కలేనివాళ్లను మ్యెల్నిక్ కోట దగ్గరే దించాలి. ఒక్క షరతు: సెప్టెంబరు చివరి వారాల్లో అక్కడ ద్రాక్షకోతల పండుగ జరుగుతుంది. ఆ రోజుల్లో బస్సు నిలపడానికి చోటు దొరకదు.

కొందరు అదే జిల్లాలోని కొకోర్జీన్ అడవి కూడా కలపమంటున్నారు. 14వ శతాబ్దపు కోట, మ్షెనో దగ్గర ఇసుకరాతి స్తంభాలు నిజంగా చూడదగ్గవి. స్తంభాల పైన ఇనుము కలిసి గట్టిపడ్డ రాయి టోపీలా నిలిచి, కింది మెత్తని రాయి అరిగిపోయింది. కానీ మెట్లు, ఎక్కుడుదిగుడు బాట. ముసలివాళ్లతో ఒకేరోజు రెండూ కుదరవు.

పిల్లల కార్యక్రమం:
కోట పక్కన గట్టు మీద నిలబెట్టి చూపిస్తాం. ముందే ఒకటి చెప్పాలి: అక్కడ కనిపించేవి మూడు పాయలు. అందులో ఒకటి పడవల కోసం తవ్విన కాలువ, 1905లో పూర్తయింది. హోర్జీన్ లాకు దానిదే. దాన్నే వల్టవా అనుకునేవాళ్లు చాలామంది. పిల్లల చేత మ్యాపు గీయిద్దాం, ఏది ఏమిటో వాళ్లే కనిపెడతారు.

తర్వాత చిన్న క్విజ్. శీతాకాలంలో ప్రాగ్ కుడిగట్టున ఎన్నో అపార్ట్‌మెంట్లలో రేడియేటర్లు వేడెక్కించే వేడినీరు ఎక్కడినుంచి వస్తుంది? మ్యెల్నిక్ కరెంటు ప్లాంటునుంచి, 30 కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో. పెట్రోలు శుద్ధి కర్మాగారం ఎక్కడ? క్రాలుపీలో, అక్కడే కృత్రిమ రబ్బరు కూడా తయారవుతుంది. నెరాతోవిట్సెలో రసాయన కర్మాగారం ఉంది. 2002 ఆగస్టు వరదలో అది మునిగి క్లోరిన్ బయటికి వచ్చింది. ఇది కూడా పిల్లలకు చెప్పాలని నా పట్టు. నది పక్కన పరిశ్రమ పెడితే ఏ జాగ్రత్త కావాలో ఆ వయసులో వింటే మర్చిపోరు. లాబే మైదానపు తేలికనేలల్లో కూరగాయలు పండుతాయి, గుట్టవాలున ద్రాక్ష. బుర్గుండీనుంచి తీగలు తెప్పించింది 14వ శతాబ్దంలో ఇక్కడి రాజు నాలుగో చార్లెస్ అని చెప్పుకుంటారు.

సంగీతం నేర్చుకునే పిల్లల తల్లులు అడిగారు, నెలహొజెవెస్‌లో ఆగవచ్చా అని. ప్రసిద్ధ చెక్ స్వరకర్త ద్వొర్జాక్ 1841 సెప్టెంబరు 8న పుట్టింది ఆ ఊళ్లోనే, ఈ జిల్లాలోదే. మనం వెళ్లేది దాదాపు ఆయన పుట్టినరోజు సమయంలోనే కాబట్టి ఆగితే బాగుంటుంది.

భోజనాలు:
అడవిలోగానీ దాని అంచునగానీ పొయ్యి వెలిగించకూడదు. కాబట్టి అన్నీ ఇళ్లలోనే వండి హాట్‌బాక్సుల్లో తెద్దాం. పులిహోర, దద్దోజనం, గుత్తివంకాయ, గోంగూర పచ్చడి. వేడివేడి అన్నం ఒక్కటే సమస్య, అది ఎవరింటినుంచి తేవాలో వదిన చెప్పాలి. అరిటాకులు ప్రాగ్‌లోని వియత్నామీల సాపా మార్కెట్‌లో అడిగి చూస్తాను. ఉసిరిచెట్టు ఇక్కడ లేదు, ఏదైనా పెద్ద చెట్టు కింద పీటేసి దీపం పెట్టుకోవచ్చని పెద్దలు అన్నారు. గాలికి ఆరిపోకుండా గాజు బుడ్డి తెస్తాను, దీపం నది ఒడ్డున కాక పచ్చికలో పెడదాం.

సమన్వయం:
నెలహొజెవెస్ కలుపుదాం, దారి మళ్లాల్సి వచ్చినా. మధ్యాహ్న భోజనం తర్వాత అరగంట చాలు. కొకోర్జీన్ వచ్చే ఏడాది, యువకుల బృందంతో వేరుగా. పుర్రెలు పేర్చిన మ్యెల్నిక్ చర్చి అస్థిశాలకు పిల్లలను తీసుకెళ్లాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టం, మనం కార్యక్రమంలో పెట్టవద్దు. నీళ్లలోకి ఎవరూ దిగకూడదు, సరుకు పడవలు తిరిగే నది, లోతు తెలియదు. ఒడ్డున ఇద్దరు పెద్దవాళ్లు కాపలా ఉండాలి, వాళ్ల పేర్లు ముందే రాసుకోవాలి.

మిగిలింది పురపాలక కార్యాలయానికి రాయడం. అంతమంది ఒకచోట కూర్చుని తినడానికి అనుమతి కావాలా, చెత్త డబ్బాలు ఇస్తారా, మరుగుదొడ్లు ఎక్కడున్నాయి అని అడగాలి. చెక్ బాగా రాసేవాళ్లు ఎవరైనా ఈ వారంలోనే ముందుకు రండి. జవాబు వచ్చాకే బస్సుకు అడ్వాన్సు కడదాం.